‘అర్థమైంది టీచర్’ అన్న మర్నాడు

చిరంజీవి శైలజకు బాబాయి ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. పాఠం చెప్పిన రోజు క్లాసంతా ‘అర్థమైంది టీచర్’ అని ఒకే గొంతుతో అంటున్నారు, మర్నాడు అడిగితే గోడల వంక చూస్తున్నారు అన్నావు. ఫోన్లో తేలే విషయం కాదని ఇలా రాస్తున్నా. 31 ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. మెదడు బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. ఆ బొమ్మకీ ఎదురుగా కూర్చున్న తలకాయలకీ సంబంధం ఉందని తట్టడానికి మాత్రం సగం సర్వీసు పట్టింది.

పిల్లలు అబద్ధమాడటం లేదమ్మా. అర్థం కావడం వేరు, గుర్తుండటం వేరు. నువ్వు చెప్పేది అప్పటికప్పుడు పట్టి ఉంచే పనిలో ముఖ్యపాత్ర నుదుటి వెనకుండే మెదడు భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది. అదొక చిన్న పలక. పెద్దవాళ్లకే అందులో ఒకేసారి నాలుగు విషయాలకు మించి నిలవవని మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో లెక్క చెప్పాడు. గుక్క తిప్పుకోకుండా ఏడు కొత్త మాటలు చెప్పావంటే, చివరివి రాసేసరికి మొదటివి చెరిగిపోతాయి. అందుకే నేను ఎక్కాల పక్షం. బట్టీ అంటే నాకూ గిట్టదు, కానీ ఏడెనిమిదులు యాభయ్యారు అని నోటికి రాని పిల్లాడికి భాగహారం చేస్తుంటే పలకంతా ఆ గుణకారంతోనే నిండిపోతుంది. అసలు లెక్కకు చోటేదీ?

ఇక నిలవ ఉండే సంగతి. కణతల లోపల, సముద్రపు గుర్రం ఆకారంలో హిప్పోకాంపస్ అనే మెదడు భాగం ఉంటుంది. దాని విలువ ఒక మనిషి వల్ల లోకానికి తెలిసింది. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గాలని 1953లో ఆపరేషన్ చేసి, రెండు వైపులా ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. చిన్ననాటి సంగతులు గుర్తున్నాయి గానీ, ఆ తర్వాత కలిసిన మనిషి గది దాటి వెళ్లొస్తే మళ్లీ కొత్తే. విచిత్రం ఏమిటంటే, అతన్ని పరీక్షించిన మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మీద పెన్సిల్ తిప్పించింది. రోజురోజుకీ చెయ్యి తిరిగింది. ముందురోజు అదే పని చేసినట్టు మాత్రం అతనికి తెలియదు. చేతికి వచ్చే చదువు దారి వేరన్నమాట. మైక్రోస్కోపు పట్టడం, పటం గీయడం నువ్వు ఎంత బాగా వర్ణించినా రావు. వాళ్ల చేత చేయించాల్సిందే.

హిప్పోకాంపస్‌లో పడింది అక్కడే స్థిరపడిపోదు. మళ్లీ మళ్లీ బయటికి తీస్తుంటే గట్టిపడుతుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు ఒక పాఠ్యభాగాన్ని కొందరి చేత మళ్లీ చదివించారు, కొందరి చేత చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచెయ్యి. వారం తర్వాత పెడితే రాసినవాళ్లది. నీ ‘అర్థమైంది టీచర్’ ఆ ఐదో నిమిషం మాట. కాబట్టి పీరియడ్ మొదట్లో ‘నిన్న ఎక్కడ ఆపాం?’ అని అడిగి నువ్వే చెప్పకు. పుస్తకాలు మూయించి మూడు ప్రశ్నలడుగు: ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. మార్కులు వేయకు. జవాబు కోసం కాసేపు తడుముకోనివ్వు. ఆ నిశ్శబ్దం నీకు ఇబ్బందిగానే ఉంటుంది, నోరు కట్టేసుకో.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయిని లేపి జీర్ణవ్యవస్థ భాగాలు వరసగా చెప్పమన్నాను. నసుగుతుంటే డస్టర్‌తో బల్ల మీద ఒక్కటి కొట్టాను. నోట మాట రాలేదు. ఇంటర్వెల్‌లో కుళాయి దగ్గర అదే పిల్ల, చేతిలో ఖాళీ సీసాతో, వేళ్లు మడుస్తూ స్నేహితురాలికి చెబుతోంది: నోరు, ఆహారవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు. ఒక్కటీ తప్పలేదు. హిప్పోకాంపస్‌ను ఆనుకునే బాదంపప్పంత అమిగ్డలా ఉంటుంది. భయం వేయగానే అది గంట కొడుతుంది. ఆ టెన్షన్‌లో నుదుటి వెనక పలక పనిచేయదు. పిల్లకు పాఠం వచ్చు, నేనే రాకుండా చేశాను. ఆ తర్వాత డస్టర్ బోర్డు తుడవడానికే వాడాను.

నిద్ర గురించి హాస్టల్ వార్డెన్లతో గొడవ పడాల్సి వస్తుంది, పడు. పగలు నేర్చింది గట్టిపడేది చాలావరకు నిద్రలోనే. రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి తెల్లారగట్ల నాలుగున్నరకే లేపే స్టడీ అవర్ చదువు కాదు, కాపలా.

కళ్లకు గంతలు కట్టి చదివిస్తామంటూ ‘మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్’ వాళ్లెవరైనా స్కూలుకొస్తే మంచినీళ్లిచ్చి పంపెయ్. గంత కింద ముక్కు పక్కన సందుంటుంది, అంతే విద్య.

సోమవారం నుంచే ఆ మూడు ప్రశ్నలు మొదలుపెట్టు. మొదటి వారం ఎవరూ చెప్పరు, కంగారుపడకు. మూడో వారం ఎలా ఉందో రాయి. కందిపొడి, నెయ్యి పిన్ని బస్సులో వేసింది, సాయంత్రం స్టాండ్‌కు వెళ్లి తీసుకో.

బాబాయి