రాత్రికి దాచిపెట్టని స్తోత్రం

బుజ్జమ్మా,

ప్రభువు నామంలో నీకూ అల్లుడికీ పెద్దమ్మ దీవెనలు. మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదల్లేదు. "పడుకునే ముందు స్తోత్రం, స్తోత్రం అంటాను పెద్దమ్మా, నోరు తిరుగుతుంది గానీ మనసు రేపటి డ్యూటీ మీదే ఉంటుంది" అన్నావు. చాలా ఏళ్లు నాదీ అదే పరిస్థితి. ఫోన్లో అయితే సగంలో ఎవరో ఒకరు పిలుస్తారని కూర్చుని రాస్తున్నా.

ముందు "నీవు చేసిన మేళ్లన్నిటికీ స్తోత్రం" అని మూటగట్టి చెప్పడం మానెయ్. మూట విప్పకపోతే లోపల ఏముందో మనకే తెలీదు. 103వ కీర్తన చూడు. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని కీర్తన రాసినాయన తన ప్రాణానికి చెప్పుకుని, వెంటనే విడివిడిగా ఎత్తుకుంటాడు: దోషాలు క్షమించాడు, జబ్బులు కుదిర్చాడు, సమాధిలోంచి విడిపించాడు. నువ్వూ అలాగే చెప్పు. ఈరోజు కుళాయి టైముకి వచ్చింది. బస్సులో ఎవరో ఆమె జరిగి చోటిచ్చింది. ఇంత చిన్నవి దేవుడికేం చెబుతాంలే అనుకోకు. పెద్దవి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, మిగతా రోజులు ఏం చేస్తావు?

రెండోది, రాత్రి దాకా దాచిపెట్టకు. పొగాకు ఆకు కాల్చే మా బ్యారన్ కొట్టు రోజులు నీకు గుర్తుండవు, చిన్నపిల్లవి. పొగాకు కర్రలకు అల్లి లోపల వేలాడదీశాక ఐదారు రోజులు మంట ఆరకూడదు, మించకూడదు. రాత్రిళ్లు మీ పెదనాన్నా నేనూ వంతులేసుకుని లేచేవాళ్లం. టార్చి వేసి థర్మామీటరు చూడాలి, పొయ్యిలోకి కట్టె తొయ్యాలి, మళ్లీ వచ్చి మంచం మీద వాలాలి. చలికి పళ్లు కొట్టుకునేవి, మొహానికి మాత్రం పొయ్యి సెగ. కట్టె తోసినప్పుడల్లా "ప్రభువా, నువ్వూ మేలుకునే ఉన్నావు" అనేదాన్ని. ప్రార్థన అని కూడా అనుకోలేదు, భయం పోవడానికి అనేదాన్ని. కొన్నేళ్లకు పగలు వంట పొయ్యి దగ్గర కట్టె పట్టుకున్నా ఆ మాట దానంతటదే వచ్చేది. బ్యారన్ లేదు, మీ పెదనాన్నా లేడు. గ్యాస్ స్టవ్ వెలిగిస్తుంటే ఇప్పటికీ వస్తుంది.

నువ్వు నర్సువి. డ్యూటీలో ఎన్నిసార్లు చేతులు కడుక్కుంటావో లెక్కే ఉండదు. ఆ పనికి ముడేసుకో. నీళ్లు పడుతున్నంతసేపు చాలు, ఆయన పక్కనే ఉన్నాడని తలుచుకుని ఒక్క సంగతి చెప్పు. మర్చిపోతావు. మళ్లీ కడుక్కునేటప్పుడు చెప్పు, టెన్షన్ పడకు.

మన వాళ్లకి ఉద్యోగం వస్తేనో ఇల్లు కడితేనో కృతజ్ఞతా కూడిక గుర్తొస్తుంది. పెట్టొద్దనను. అప్పు చేసి బిర్యానీ పెట్టడం మాత్రం నాకు నచ్చదు. ఏదో దొరికితేనే స్తోత్రం అని పిల్లలు నేర్చుకుంటారని నా బాధ. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చిన్నప్పటి నుంచి వింటున్నావు కదా. దాని ముందు సంగతి మనవాళ్లు తక్కువ చెబుతారు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని సాయం జరుగుతున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. ఇక సాయం లేదని చెప్పాక కూడా వచ్చినవాళ్లు వాళ్లు. నాకు ఆ 2,222 కంటే ఈ మాటే పెద్దది.

కష్టంలో స్తోత్రం ఎలా అని అడగబోతావని తెలుసు. ఒక ఏడాది వేలంలో మా పొగాకు బేళ్లు ఎవరూ పాడక నో బిడ్ అయి ఇంటికి తిరిగొచ్చాయి. మీ పెదనాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. "దీనికీ స్తోత్రం చెప్పాలక్కా" అని ఒకామె అంటే నాకు ఒళ్లు మండింది. ఆ రాత్రి యోహాను 11వ అధ్యాయం తీశాను. లాజరు సమాధికి వెళ్లేముందు యేసు కన్నీళ్లు విడిచాడు, ఆ తర్వాత సమాధి దగ్గర నిలబడి తండ్రికి కృతజ్ఞతలు చెప్పాడు. ఏడుపు మింగేసి చెప్పలేదు తల్లీ, ఏడ్చాకే చెప్పాడు. నేనూ తెల్లారేదాకా ఏడ్చి, "మనిషి ఇంట్లో ఉన్నాడు, స్తోత్రం" అన్నాను. బేళ్ల గురించి ఒక్క మాటా అనలేకపోయాను. ఆయన నన్ను అందుకు తప్పుపట్టాడని నేననుకోను.

శనివారం నీకు నైట్ డ్యూటీ అన్నావు. ఆదివారం గుడి అయ్యాక ఫోన్ చేస్తాను. ఆ రాత్రి కుళాయి దగ్గర ఏం చెప్పుకున్నావో ఒక్కటి చెప్పు నాకు.

మీ పెద్దమ్మ