మల్టీ జిమ్ కొనబోతున్నారా? టేపు, లగేజీ కాటా వెంట తీసుకెళ్లండి

అడిగింది ఇదీ: హైదరాబాద్ కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో టూ బీహెచ్‌కే ఫ్లాటు. భార్యాభర్తలిద్దరూ బరువులతో వ్యాయామం మొదలుపెడదాం అనుకుంటున్నారు. 72 కేజీల స్టాక్ (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప ప్లేట్లు) ఉండి, కేబుళ్లతో లాగి రకరకాల వ్యాయామాలు చేసే మల్టీ జిమ్ మెషిన్ కొత్తది తీసుకోవాలా, సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవాలా, అసలు తీసుకోవాలా?

వద్దండీ. కనీసం ఈ ఏడాదికి వద్దు. కొత్త మెషిన్ కన్నా తక్కువ డబ్బుకే మంచి బెంచీ, నాలుగు డంబెల్ రాడ్లు, 65 కేజీల ఇనప ప్లేట్లు వస్తాయి. మీ ఇద్దరికీ ఏడాది, ఏడాదిన్నర పాటు అవి చాలు.

మెషిన్ మీద రాసిన 72 కేజీలు అన్న అంకెను చాలామంది చేతికి వచ్చే బరువనుకుంటారు. అది స్టాక్ బరువు మాత్రమే. చేతికి ఎంత వస్తుందన్నది పుల్లీలు చెప్పాలి. బావి మీది గిలక తాడు దిక్కు మారుస్తుందే గానీ బిందె బరువు తగ్గించదు. అదే గిలక బరువుతో పాటు పైకీ కిందికీ కదులుతుంటే, ఆ బరువుని రెండు వరసల తాడు పంచుకుంటుంది, చేతికి సగమే వస్తుంది. కొన్ని మెషిన్లలో పైనుంచి లాగే లాట్ పుల్‌డౌన్‌కి పూర్తి బరువు వస్తుంది, అదే మెషిన్‌లో పక్క హ్యాండిల్‌కి సగమే వస్తుంది. ఛాతీ ప్రెస్‌లో ముందుకు నెట్టే హ్యాండిల్‌ది లీవరు లెక్క, అది ఇంకో రకం. కనిపెట్టడం చాలా తేలిక. హ్యాండిల్‌ని సరిగ్గా ఒక మీటరు లాగి, ప్లేట్లు ఎంత లేచాయో టేపుతో కొలవండి. మీటరు లేస్తే పూర్తి బరువు, అర మీటరు లేస్తే సగం బరువు. షోరూములో ఈ పని చేస్తుంటే సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

రెండో చిక్కు, బరువు పెంచే మెట్టు మరీ పెద్దది. స్టాక్‌లో ఒక్కో ప్లేటు 4.5 నుంచి 5 కేజీలు ఉంటుంది. ఈ వారం 15 కేజీలు లాగినవాళ్లు పై వారం 20కి వెళ్లాలంటే ఒక్కసారిగా మూడో వంతు పెరిగినట్టు. మొదలుపెట్టిన కొత్తలో ముఖ్యంగా ఆడవాళ్లు ఇక్కడే నెలల తరబడి ఆగిపోతారు, తమకు బలం రావట్లేదనుకుంటారు. తప్పు వాళ్లది కాదు, మెషిన్‌ది. విడి ప్లేట్లతో అయితే ఒక్కో డంబెల్‌కి 2.5 కేజీల చొప్పున పెంచుకోవచ్చు. భుజాల పక్క వ్యాయామాలకు అర కేజీ ప్లేట్లు కూడా దొరుకుతాయి.

అయినా సరే, సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తోందని మనసు లాగుతుంటే, చూడ్డానికి వెళ్లినప్పుడు ఇలా చేయండి. మియాపూర్‌లో ఎవరింట్లోనో మెషిన్ బాల్కనీలో ఉంది, దాని మీద రెండు టవళ్లు ఆరేసి ఉన్నాయి అనుకోండి. ముందు ఆ టవళ్లు తీయించండి. నీళ్లు కారిన గీతలు ఎక్కడున్నాయో చూసి, ప్లేట్లు జారే రెండు నిలువు రాడ్ల మీద గోరుతో పైనుంచి కిందికి గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే క్రోమ్ పూత లేచి తుప్పు పట్టినట్టే. ఆ గరుకు ప్లేట్ల రంధ్రాల్లోని ప్లాస్టిక్ బుష్‌లను (రాడ్డు మీద జారే తొడుగులను) తినేస్తుంది. తుడిస్తే పోతుందని అమ్మేవాళ్లు అంటారు. రంగు పోతుంది, గుంట పోదు.

తర్వాత పిన్ను (ఎన్ని ప్లేట్లు లేవాలో ఎంచుకోవడానికి స్టాక్‌లో గుచ్చేది) బయటికి తీసి, ఏమీ లాగకుండా స్టాక్ వైపు చూడండి. పై ప్లేటు రెండో ప్లేటు మీద ఆనుకొని కూర్చోవాలి. మధ్యలో సందు కనిపిస్తే కేబుల్ బిగుతు ఎక్కువైందని అర్థం, పిన్ను రంధ్రాలు ఒకదానికొకటి కుదరవు. సందు లేదు గానీ హ్యాండిల్ బెత్తెడు లాగేదాకా ప్లేటు కదలకపోతే కేబుల్ వదులైంది, ఏదో ఒకరోజు పుల్లీ గాడిలోంచి జారిపోతుంది. ఈ రెండూ సెలెక్టర్ రాడ్ (ప్లేట్ల మధ్యలోంచి దిగే, పిన్ను పట్టే కమ్మి) పైనున్న బోల్టు తిప్పి సరిచేసుకోగలిగినవే, భయపడక్కర్లేదు. ధర తగ్గించడానికి మాత్రం వాడుకోండి.

భయపడాల్సింది కేబుల్ విషయంలో. లోపల ఉక్కు తీగల పేట, పైన నైలాన్ లేదా పీవీసీ పొర. తెగేది చాలాసార్లు మధ్యలో కాదు, చివర్లలో, లోహపు స్లీవ్ నొక్కిన చోట. ఎందుకంటే అక్కడ కేబుల్ వంగదు, దాని పక్కనే వంగుతుంది, వంగిన చోటే వంగి తీగలు ఒక్కొక్కటిగా విరుగుతాయి. ఫోన్ టార్చి వేసి ఆ అంగుళం మేర చూడండి. పొర పగిలిందా, తెల్లగా పాలిపోయిందా, లోపల్నుంచి తుప్పు నీరు కారిందా. వట్టి వేలితో రుద్దొద్దు, విరిగిన తీగ సూదిలా దిగుతుంది, పాత గుడ్డతో తడమండి. గుడ్డ పోగు చిక్కుకుంటే ఆ కేబుల్ పని అయిపోయింది. లాట్ బార్ (లాట్ పుల్‌డౌన్‌కి పట్టుకునే పొడుగు కమ్మి) లాగుతుండగా అది తెగితే బార్ వచ్చేది ముఖం మీదికో తొడల మీదికో.

పిన్ను కూడా చూడండి. అసలు పిన్ను పోతే బోల్టో మేకో పెట్టి వాడేవాళ్లున్నారు. పొడవు చాలని బోల్టు సగంలో జారిపోతే పైకి లేచిన ప్లేట్లన్నీ ఒక్కసారి కింద పడతాయి, అక్కడ పిల్లాడి చెయ్యి ఉండొచ్చు. అసలు పిన్ను లేని మెషిన్‌ని ఉచితంగా ఇచ్చినా, కొత్త పిన్ను కొనేదాకా ముట్టుకోవద్దు.

ఇప్పుడు లగేజీ కాటా తీయండి, ఎయిర్‌పోర్టుకి వెళ్లేముందు సూట్‌కేసు తూచే 50 కేజీల డిజిటల్ కాటా. దాని హుక్కుని కేబుల్ చివర తగిలించి, పిన్ను 40 కేజీల దగ్గర పెట్టి, మెల్లగా ఒకే వేగంతో లాగండి, మెల్లగా దించండి. సగం బరువు వచ్చే పుల్లీ అయితే 20కి అటూ ఇటూ చూపించాలి. లాగేటప్పుడు 22, దించేటప్పుడు 18 అయితే మెషిన్ బాగున్నట్టే. లాగేటప్పుడు 26, దించేటప్పుడు 14 చూపిస్తే ఆ తేడా అంతా రాపిడి. దించేటప్పుడు కండ చేసే పనికి అంత కోత పడుతుంది. పుల్లీలను ఒక్కొక్కటీ పట్టుకొని అటూ ఇటూ ఊపితే ఏ బేరింగ్ అరిగిందో తెలిసిపోతుంది. బేరింగులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి, పాతది చేతిలో పట్టుకెళ్తే చాలు. కేబుల్ అలా కాదు. పొడవు, మందం, రెండు చివర్ల ఫిట్టింగులు మూడూ కుదరాలి. పాత కేబుల్ తీసి నేల మీద పరిచి, చివరి నుంచి చివరికి కొలిచి రాసుకున్నాకే ఆర్డరివ్వండి. యూ క్లాంపులు బిగించి సరిపెడతామనేవాళ్లకు ఒప్పుకోవద్దు. ఆ క్లాంపు పుల్లీలోంచి పోదు, తీగల్ని నలిపేస్తుంది.

ఇక్కడ నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. మెషిన్ అమ్మేటప్పుడు ఐదేళ్ల వారంటీ అంటారు. చదివితే అది ఫ్రేముకి. ఇనప ఫ్రేము ఐదేళ్లలో ఏమవుతుంది? పాడయ్యేవి కేబుల్, పుల్లీ, బుష్, సీటు రెగ్జిన్. వాటికి ఉండేది ఆరు నెలలో, ఏడాదో, ఒక్కోసారి అసలేమీ ఉండదు. విడిభాగాల ధరల పట్టిక కాగితం మీద అడగండి. ఇవ్వకపోతే అక్కడే లేచి రండి. డెలివరీ కూడా అంతే. ఇంటికి చేరుస్తామంటారు, లారీ వచ్చి గేటు దగ్గర పెట్టెలు దించి వెళ్లిపోతుంది. మూడో అంతస్తుకి ఎవరు ఎక్కిస్తారో బిల్లు మీద రాయించుకోండి. ఆరుగురు పట్టే లిఫ్టు మోసేది 408 కేజీలు, తలుపు ఎత్తు సాధారణంగా 2 మీటర్లు. 7 అడుగుల నిలువు కమ్మి 213 సెంటీమీటర్లు, అది నిలువుగా లోపలికి పోదు, ఏటవాలుగా తిప్పి పెట్టాలి.

గది సంగతికొస్తే, శ్లాబు కూలుతుందన్న భయం అక్కర్లేదు. ఇళ్ల గదులకు ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువుల గురించిన భారతీయ ప్రమాణం) ప్రకారం చదరపు మీటరుకు సుమారు 200 కేజీల లెక్కన డిజైను చేస్తారు. పదడుగులకు పదడుగుల గదంటే 1,800 కేజీల పైమాటే. పగిలేది టైలు. మెషిన్ కాళ్లు వచ్చే చోట టైల్స్ మీద రూపాయి బిళ్లతో కొట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా టక్కుమంటే కింద సిమెంటు నిండుగా ఉంది. డొల్లగా మోగితే అక్కడ కాలు ఆనించొద్దు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచి, దాని మీద 12 నుంచి 15 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్ వేస్తే బరువు పరుచుకుంటుంది, కింది ఇంటివాళ్లకు చప్పుడూ తగ్గుతుంది. జాగా చాలుతుందో లేదో తేల్చుకోవడానికి మెషిన్ పొడవు వెడల్పుల మేరకు పాత పేపర్లు నేల మీద పరిచి టేపు అంటించి, లాట్ బార్ కోసం నాలుగడుగుల వెడల్పు, వెనక కేబుల్ సర్దడానికి రెండడుగులు కలిపి, వారం రోజులు అలాగే ఉంచండి. బీరువా తలుపు తెరుచుకోకపోయినా, బట్టలారేసే స్టాండుకి చోటు లేకపోయినా మూడో రోజుకే తెలిసిపోతుంది.

ఇక ఏం కొనాలో. ప్లేట్లు 5 కేజీలవి ఎనిమిది, 2.5వి ఎనిమిది, 1.25వి నాలుగు. మొత్తం 65 కేజీలు. రాడ్లు నాలుగు ఎందుకంటే మీరిద్దరు, ఒకరు చేస్తుంటే ఇంకొకరు నట్లు విప్పుకుంటూ కూర్చోకూడదు. ఒక జతకి 5 కేజీలవి నాలుగేసి, 1.25వి రెండేసి ఎక్కిస్తే రాడ్డుతో కలిపి ఒక్కోటి దాదాపు 24 కేజీలు. అదే సమయంలో రెండో జతకి 2.5వి నాలుగేసి ఎక్కిస్తే ఒక్కోటి దాదాపు 12 కేజీలు. రాడ్డు మందం ప్లేటు రంధ్రంతో కలవాలి, 25 మిల్లీమీటర్ల ప్లేట్లకు 50 మిల్లీమీటర్ల ఒలింపిక్ రాడ్డు ఎక్కదు. ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే ప్లాస్టిక్ తొడుగు ప్లేట్లు మాత్రం కొనొద్దు. లోపల ఉండేది సిమెంటు. ఒకసారి జారిపడితే పగిలి పొడి రాలుతుంది, పైగా అంత లావుంటే రాడ్డు మీద ఎక్కువ బరువు పట్టదు. ఇనపవి గానీ ఇనుము మీద రబ్బరు వేసినవి గానీ తీసుకోండి, కొట్లోనే కాటా మీద పెట్టించండి.

బెంచీ ఎత్తు 43, 45 సెంటీమీటర్లు ఉండాలి, పడుకుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. ఏటవాలు పెట్టి చివర కూర్చొని ఊగి చూడండి. వారానికి రెండు మూడు రోజులు, బెంచ్ ప్రెస్ (పడుకొని పైకి నెట్టడం), ఒంటిచేతి రో (వంగి డంబెల్‌ని నడుము వైపు లాగడం), రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి లేవడం), వెనక కాలు బెంచీ మీద పెట్టే స్ప్లిట్ స్క్వాట్, ఓవర్‌హెడ్ ప్రెస్ (తల మీదికి నెట్టడం). ఒక్కోటి మూడు సెట్లు, అంటే మూడు విడతలు, విడతకు 8 నుంచి 12 సార్లు. మూడు సెట్లలోనూ 12 దాటితే పై మెట్టుకి పెంచండి. ఓవర్‌హెడ్ ప్రెస్ చేసేటప్పుడు ఫ్యాన్ రెక్కల అంచుకి రెండడుగులు ఎడంగా నిలబడండి.

ఆడవాళ్లకు రాడ్డూ ప్లేట్లూ ఎందుకు, మెషిన్ అయితే సుకుమారంగా ఉంటుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటే వినకండి. 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది రాడ్డుతోనే. అలాగే మెషిన్‌తో పాటు ప్రొటీన్ పౌడరు డబ్బా అంటగట్టే కొట్ల దగ్గర జాగ్రత్త. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కండ కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దనే ఉంది. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, పెరుగు కొనుక్కోండి.

మెషిన్ ఎవరికి మేలంటే, ఇంట్లో అరవై దాటినవాళ్లు ఉండి బరువు చేతిలో నిలుపుకోలేకపోతే, భుజమో మోకాలో దెబ్బతిని ఫిజియోథెరపిస్టు ఒకే దారిలో కదలమని చెప్తే, కింది అంతస్తులో విడిగా గది ఉంటే. అప్పుడు తీసుకోండి. ప్లేట్లు జారే గైడ్ రాడ్లకు కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె పూయకండి, ఈ ఊరి కట్టడాల దుమ్మంతా వాటికి అంటుకొని ముద్దవుతుంది. పొడిగుడ్డతో తుడిచి, సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి నెలకోసారి రాయండి.

డంబెళ్లతో తీరనిది పైనుంచి కిందికి లాగే వ్యాయామం ఒక్కటే. దానికి గోడకు బిగించే పుల్లప్ బార్ చాలు, కానీ ఏ గోడో చూసుకోవాలి. కాంక్రీటు బీమ్‌కో పిల్లర్‌కో 10 మిల్లీమీటర్ల యాంకర్ ఫాస్టెనర్లతో (రంధ్రంలో విప్పారి పట్టుకునే బోల్టులతో) బిగించాలి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని, మైవాన్ గోడల (ఇటుక లేకుండా కాంక్రీటుతోనే పోసిన గోడల) టవరైతే అసోసియేషన్‌ని ముందే అడగండి. డ్రిల్ పైనున్న ప్లాస్టరింగ్ దాటాక రాలే పొడి చూడండి. బూడిద రంగులో, బిట్టు నెమ్మదిగా దిగుతుంటే కాంక్రీటు. ఎర్రగా రాలితే ఇటుక, తెల్లగా తేలిగ్గా పిండిలా రాలితే ఏఏసీ బ్లాకు (గాలి బుడగలుండే తేలిక సిమెంటు ఇటుక). ఆ రెండింట్లో ఏదొచ్చినా అక్కడే ఆపేసి, రంధ్రం పుట్టీతో మూసి, బీమ్ దగ్గరికి జరగండి.