పాలపుంత ఒక్కటే

సందేహం: ఎం 101 అనే గెలాక్సీలో (నక్షత్రాల మహాసమూహంలో) కనిపించిన సూపర్నోవా గురించి మా బడి గోడపత్రికలో పిల్లలు ‘2023 మే 19న దూరపు పాలపుంతలో ఒక నక్షత్రం పేలింది’ అని రాశారు. వేరే గెలాక్సీని పాలపుంత అనకూడదని తోటి మాస్టారు అంటున్నారు. నిజమేనా? ‘విస్ఫోటనం’ అనకుండా ‘పేలింది’ అంటే మాట తేలికైపోతుందా?
– ఒక ఉపాధ్యాయిని, గుంటూరు

సమాధానం: మాస్టారి మాటే సరైనదమ్మా. పుంత అంటే చేల మధ్య బండ్లు నడిచే దారి. మీ గుంటూరు వైపు డొంక అంటారు. డొంక రోడ్డు తెలిసిన పిల్లలకు ఆ ఒక్క మాట చెబితే చాలు. పాలపుంత అన్నది మనం ఉన్న గెలాక్సీ పేరు. దాని లోపలే ఉండి, దాన్ని పక్కవాటుగా చూస్తున్నాం. అందుకే చీకటి రాత్రి ఆకాశంలో ఈ కొస నుంచి ఆ కొస దాకా పాలు ఒలికిన బాటలా కనిపిస్తుంది. ఎం 101 అలా కాదు, పళ్లెంలా మనవైపు తిరిగి ఉంది. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తినప్పుడు కింద కృష్ణ నీళ్లు సుడి తిరుగుతాయే, ఫొటోలో అలా ఉంటుంది. అందులో దారి ఎక్కడుంది?

‘గెలాక్సీ’ కూడా గ్రీకులో పాల నుంచి వచ్చిన మాటే, అది అన్నిటికీ చెల్లినప్పుడు ఇదెందుకు చెల్లదని ఎవరైనా అడగవచ్చు. గెలాక్సీ అన్నప్పుడు తెలుగువాడికి పాలు గుర్తుకు రావు. పాలపుంత అంటే మాత్రం పాలూ దారీ రెండూ కళ్లకు కడతాయి. దాన్ని మన ఇంటిపేరుగా ఉంచుకుని, మిగతావాటిని గెలాక్సీలనే అందాం. పుస్తకాల్లోని ‘సర్పిలాకార గెలాక్సీ’ కంటే నాకు ‘సుడి గెలాక్సీ’ ఇష్టం. సుడిగాలి, సుడిగుండం, పిల్లల నడినెత్తిన సుడి ఎరగనివాళ్లు ఉండరు.

‘పేలింది’లో ఏ లోటూ లేదు. టపాకాయా పేలుతుంది, అగ్నిపర్వతమూ పేలుతుంది. ‘విస్ఫోటనం’ కూడా మంచి మాటే గానీ, దాని తోబుట్టువు ‘విస్ఫోటకం’ నిన్నమొన్నటి దాకా మశూచికి పేరు!

మీరు అడగనిది ఒకటి దిద్దాలి. మే 19 నక్షత్రం పేలిన రోజు కాదు, జపాన్ పరిశీలకుడు కొయిచి ఇతగాకి దాన్ని కనిపెట్టిన రోజు. ఆ వెలుగు మన దాకా రావడానికి సుమారు 2 కోట్ల 10 లక్షల ఏళ్లు పట్టింది. ‘దూరపు గెలాక్సీలో ఎప్పుడో పేలిన నక్షత్రం మే 19న మన కంటబడింది’ అని రాయించండి.