చల్లని నీళ్ల చేపల మీద పరిశోధన చేస్తానంటోంది మా అమ్మాయి, పంపమంటారా?

ప్రశ్న: మాది ఉండి మండలం. వనామి రొయ్యల సాగు చేస్తాం. మా అమ్మాయి ముత్తుకూరు కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్రం డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతోంది. ఆక్వాకల్చర్‌లో ఎమ్మెఫ్‌ఎస్సీ (అందులో పీజీ) చేసి వస్తే భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్ పెట్టిద్దామనుకున్నాం. తనేమో హిమాలయాల్లో చల్లని నీళ్ల చేపల మీద, నదుల మీద పరిశోధన చేస్తానంటోంది. ఆ తర్వాత అంటార్కిటికా అట. వాటిలో ఉద్యోగాలు ఉన్నాయా? ఆడపిల్లను అంత దూరం పంపడం మంచిదేనా? సంబంధాలు కూడా వస్తున్నాయి. రాత్రిళ్లు ఇదే టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: నమస్కారమండీ. ఉద్యోగాల సంగతి ముందే చెప్పేస్తాను. అది తేలకుండా మిగతాది మీకు ఎక్కదు. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ. మీ జిల్లాలో మేత కంపెనీలు, హేచరీలు, ల్యాబులు బీఎఫ్‌ఎస్సీ చదివినవాళ్లను పిలిచి తీసుకుంటాయి. చల్లని నీళ్ల జీవావరణం చదివినవాళ్లను ఎవరూ అలా పిలవరు. పీహెచ్‌డీ దాకా వెళ్లాలి, ఆ తర్వాత ప్రాజెక్టుల మీద కొన్నేళ్లు గడపాలి, శాస్త్రవేత్త పోస్టు పడే దాకా ఆగాలి. ఈ లెక్క అమ్మాయికి తెలుసో లేదో నెమ్మదిగా అడగండి. తెలిసి కూడా అదే మాట అంటే, అప్పుడు మనం మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.

మీ ఇంట్లో ఈ కోరిక ఎలా పుట్టిందా అని మీరు ఆశ్చర్యపోతున్నారు. నాకు మాత్రం ఆశ్చర్యం లేదు. తెల్లవారుజామున మూడింటికి చెరువులో డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుందేమోనని లేచి, నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు చూసుకునే ఇంట్లో పెరిగిన పిల్ల తను. అది ఎంత ముఖ్యమో తనకు పుస్తకం చెప్పనక్కర్లేదు. చల్లని నీళ్ల శాస్త్రానికి మూలం కూడా అదే. 30 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే పట్టుకోగలదు. అదే నీరు 10 డిగ్రీలకు చల్లబడితే పదకొండు దాటి పట్టుకుంటుంది. ట్రౌట్ లాంటి చేపలు ఆ ఎక్కువ ఆక్సిజన్‌కు అలవాటు పడి బతుకుతాయి. నీరు 20 డిగ్రీలు దాటిందంటే వాటికి గండమే. మీ చెరువులో డీవో పడితే ఏరేటర్ వేస్తారు. వేడెక్కుతున్న నదిలో చేపకు అలాంటి దిక్కు లేదు. ఇంకా పైకి, ఇంకా చల్లని పాయలోకి పోవాలి. పోదామంటే మధ్యలో డ్యామ్ ఉంటుంది.

ఈ డ్యామ్‌ల విషయం కాస్త వివరంగా చెప్పాలి. మీ అమ్మాయి చేయబోయే పనిలో సగం దీని చుట్టూనే తిరుగుతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన సంగతి మీరు మరిచిపోయి ఉండరు. ఎగువన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, నిమిషాల్లో నది పొంగింది. ఆ పిల్లల ప్రాణాలు పోవడంతో విషయం దేశమంతా తెలిసింది. కానీ కరెంటు అవసరాన్ని బట్టి నీళ్లు ఆపడం, వదలడం ఆ నదుల్లో మామూలుగా జరిగే పనే. నీళ్లు ఒక్కసారిగా వచ్చినప్పుడు రాళ్ల కింద బతికే పురుగుల లార్వాలు కొట్టుకుపోతాయి. తగ్గినప్పుడు చేపపిల్లలు రాళ్ల మధ్య గుంటల్లో చిక్కుకుని చస్తాయి. అక్కడి చేపకు ఆ లార్వాలే మేత.

మరి నదిలో ఎంత నీరు వదిలితే ఆ బతుకు నిలబడుతుంది? దీనికి ప్రభుత్వం ఒక అంకె కూడా పెట్టింది. హిమనదుల దగ్గర నుంచి హరిద్వార్ వరకు ఎగువ గంగలో ఎంత ప్రవాహం ఉండాలో 2018 అక్టోబరులో నోటిఫై చేశారు. నవంబరు నుంచి మార్చి దాకా సగటు ప్రవాహంలో 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25 శాతం, వర్షాకాలంలో 30 శాతం. చలికాలంలో వదిలే ఆ 20 శాతం చేపకు సరిపోతుందా? గుడ్లు పెట్టే చోట అడుగున్నర లోతు మిగులుతుందా, లేక పాదాలు తడిసేంతేనా? గంగ ఎగువన బంగారు మహసీర్ ఉంది, అది అంతరించే ప్రమాదంలో ఉన్న చేప. కుమావూ వాళ్లు అసేలా అని పిలిచే స్నో ట్రౌట్ ఉంది, పేరులో ట్రౌట్ ఉన్నా అది అక్కడి సొంత చేపే. ఒక్కో చేపకు జవాబు వేరు, ఒక్కో నదికి వేరు. ఎవరో ఒకరు ఏళ్ల తరబడి కొలిస్తే తప్ప అది తేలదు. అలా కొలిచేవాళ్లు మనకు చాలరు. ఉద్యోగాలు తక్కువన్నాను గానీ, పని తక్కువని అనలేదు.

డ్యామ్‌లతోనే అయిపోలేదు. ఇసుక, బండరాళ్ల తవ్వకం ఉంది. బ్లీచింగ్ పౌడర్ కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడం ఉంది. యాత్రాస్థలాల మురుగు ఉంది. ఇంకోటి వింతగా ఉంటుంది: మనం గొప్పగా చెప్పుకునే ట్రౌట్ కూడా అక్కడి చేప కాదు. బ్రౌన్ ట్రౌట్ గుడ్లను ఆంగ్లేయులు సుమారు 1900 ప్రాంతంలో, గాలం వేసుకునే సరదా కోసం, ఓడల మీద కశ్మీర్‌కు తెప్పించారు. ఇప్పుడు అది కొండ రైతుకు ఆదాయం, టూరిస్టుకు వేట. స్థానిక చేపకు మాత్రం పోటీ, కొన్ని చోట్ల దాన్ని మింగే శత్రువు కూడా. ట్రౌట్ పెంచమని సలహా ఇచ్చే శాస్త్రవేత్త, స్నో ట్రౌట్‌ను కాపాడమని చెప్పే శాస్త్రవేత్త ఒకే సంస్థలో పక్కపక్క గదుల్లో కూర్చుంటారు. వనామి వచ్చాక మన టైగర్ రొయ్య ఏమైందో కళ్లారా చూసిన మీకు ఈ తగవు కొత్త కాదు.

ఇక అసలు సలహా. తను హిమాలయాలను ఎంచుకుంటోందా, ఈ కొలిచే పనిని ఎంచుకుంటోందా అన్నది తేల్చుకోవాలి. వీడియోల్లో మంచు కొండలు, నీలి నీళ్లు, ఎర్ర జాకెట్లు కనిపిస్తాయి. నిజంగా చేసే పని వేరు. ఏడాదిలో కొన్ని వారాలు మోకాళ్ల లోతు చల్లని నీళ్లలో వల పట్టుకుని, కాలితో రాళ్లు కదిలించి, కొట్టుకొచ్చిన పురుగులను సీసాల్లో నింపాలి. మిగతా నెలలన్నీ మైక్రోస్కోప్ కింద వాటి కాళ్లు, మొప్పలు చూసి ఏ జాతో గుర్తుపట్టాలి, లెక్కపెట్టాలి, కంప్యూటర్‌లో గ్రాఫులు గీయాలి. ఈ రెండో భాగం నచ్చినవాళ్లే ఇందులో నిలుస్తారు. కొండల కోసం వచ్చినవాళ్లు ఎమ్మెఫ్‌ఎస్సీ అవగానే బ్యాంకు కోచింగ్‌లో కనిపిస్తారు. వాళ్లను తప్పు పట్టడం లేదు. ముందే తేల్చుకుంటే రెండేళ్లు మిగులుతాయి కదా అంటున్నాను.

తేల్చుకోవడానికి ఇప్పుడే కొండలెక్కనక్కర్లేదు. ఈ సెలవుల్లో మీ ఊరి కాలువ దగ్గర రోజుకు నాలుగుసార్లు, అందులో ఒకటి తెల్లవారకముందు, నీటి ఉష్ణోగ్రత, డీవో కొలిచి రాయమనండి. మీటరు మీ ఇంట్లోనే ఉంటుంది. నెల రోజులు ఒక్క పూట కూడా తప్పకూడదు. ఆ అంకెలను ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఏ రోజు ఎందుకు పడిపోయిందో మీకు వివరించమనండి. నీళ్ల గురించి మీకు తెలిసినంత ఏ ఎగ్జామినర్‌కూ తెలియదు, గట్టిగా ప్రశ్నలు వేయండి. నెలాఖరుకు తనకు విసుగు పుట్టిందో, ఇంకో కాలువ కూడా కొలవాలనిపించిందో మీకే తెలిసిపోతుంది.

తర్వాతి మెట్టు నాలుగో సంవత్సరం. బీఎఫ్‌ఎస్సీ చివరి ఏడాదిలో స్టూడెంట్ రెడీ అనే కార్యక్రమం కింద బయటి సంస్థల్లో శిక్షణ ఉంటుంది. అందరూ హేచరీలకు, మేత ఫ్యాక్టరీలకు వెళతారు. తను ఉత్తరాఖండ్‌లోని భీమ్‌తాల్‌కు పంపమని కాలేజీని ఇప్పటి నుంచే అడగాలి. చల్లని నీళ్ల చేపల కోసం భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐకార్) 1987లో మొదలుపెట్టిన సంస్థ అక్కడుంది. దానికి చంపావత్‌లో క్షేత్ర కేంద్రం కూడా ఉంది. కాలేజీ ఒప్పుకోకపోతే సెలవుల్లో సొంత ఖర్చుతోనైనా ఓసారి వెళ్లి రావాలి. మీరూ వెంట వెళ్లండి. ఆడపిల్లను అంత దూరం ఎలా అన్న ప్రశ్నకు నా జవాబు కంటే, అక్కడి హాస్టలు, అక్కడ చదువుతున్న అమ్మాయిలు చెప్పే జవాబు మీకు నమ్మకంగా ఉంటుంది. నదిలో పని ఎప్పుడూ బృందంగానే చేయాలి, ఎగువన డ్యామ్ ఉంటే నీళ్లు వదిలే వేళలు కనుక్కోకుండా దిగకూడదు. ఈ రెండూ ఎంత గట్టిగా పాటిస్తున్నారో అక్కడే అడగండి, మొహమాటపడొద్దు.

ఎమ్మెఫ్‌ఎస్సీకి వచ్చేసరికి ఒక మధ్యే మార్గం ఉంది. ఆక్వాకల్చర్ బదులు ఆక్వాటిక్ ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్ తీసుకోవడం. ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈలో ఆ విభాగం ఉంది. ఆ సంస్థకు మన కాకినాడలోనూ ఒక కేంద్రం ఉంది. చల్లని నీళ్లకు దగ్గరగా ఉండాలంటే పంత్‌నగర్ ఫిషరీస్ కాలేజీ, కశ్మీర్‌లో గాందర్‌బల్ జిల్లా రంగిల్‌లోని ఫిషరీస్ ఫ్యాకల్టీ ఉన్నాయి. ఈ విభాగమే ఎందుకంటే, తనకు కొండలు పడకపోతే ఇదే చదువుతో కొల్లేరు, ఉప్పుటేరుల మీద పని చేయొచ్చు. మీ చెరువుల నీళ్లు బయటకు వదిలితే ఏమవుతుందో కొలిచేవాళ్లు మన దగ్గరా కావాలి. ఇది మీకు అంత ఇష్టమైన సంగతి కాకపోవచ్చు, తెలుసు. మీరు అనుకుంటున్న ల్యాబు తలుపు కూడా దీంతో మూసుకుపోదు.

పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడకూడదు. సీఎస్‌ఐఆర్, యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000, తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)లో రూ.42,000 ఇస్తున్నారు. ఇంటి అద్దె భత్యం వేరు. ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరతానంటే మాత్రం వద్దనండి. పని చేసే చోట్లు: భీమ్‌తాల్ సంస్థ, డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, అల్మోరా దగ్గర కోసీ-కటార్మల్‌లోని హిమాలయ పర్యావరణ సంస్థ, విశ్వవిద్యాలయాలు. జలవిద్యుత్ ప్రాజెక్టులకు పర్యావరణ నివేదికలు రాసే ప్రైవేటు కన్సల్టెన్సీలు కూడా తీసుకుంటాయి. జీతం త్వరగా వస్తుంది, కానీ నివేదికలో ఏముండాలో డబ్బిచ్చేవాడికి ఒక అభిప్రాయం ఉంటుంది. చేరేముందు వాళ్ల పాత నివేదికలు రెండు చదివితే చాలు, తత్వం తెలుస్తుంది. హైదరాబాద్‌లోనే ఉండాలనుకుంటే సీసీఎంబీ వారి లాకోన్స్ (అంతరించిపోతున్న జీవుల మీద పనిచేసే ప్రయోగశాల) ఉంది. నీటి నమూనాలోని డీఎన్‌ఏను బట్టి అందులో ఏయే జీవులున్నాయో చెప్పే పద్ధతిని వాళ్లు చిలికా సరస్సు మీద వాడారు. రేపు కొండనదుల్లోనూ ఆ నైపుణ్యానికి గిరాకీ ఉంటుంది.

అంటార్కిటికాను ఇప్పటికి పక్కన పెట్టమనండి, వదిలేయమని కాదు. అక్కడికి గోవాలోని ధ్రువ పరిశోధన సంస్థ ఎన్‌సీపీఓఆర్ ద్వారా, ఆమోదం పొందిన పరిశోధన ప్రతిపాదనతో వెళతారు. వైద్య పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో సరిహద్దు దళం ఐటీబీపీ ఇచ్చే మంచు శిక్షణ దాటాలి. మైత్రి, భారతి అని మనకు రెండు స్థావరాలున్నాయి. అక్కడి సముద్రంలో క్రిల్ అనే రొయ్య లాంటి జీవి ఉంది. తిమింగలాలకు, పెంగ్విన్లకు అదే తిండి. సాల్మన్ మేతకు, నూనె క్యాప్సూల్స్‌కు, కొన్ని రొయ్యల మేతలకూ దాన్నే పడతారు. అట్లాంటిక్ వైపు భాగంలో ఏడాదికి 6,20,000 టన్నుల హద్దు ఉంటే, 2025లో ఆ హద్దుకు చేరి ఆగస్టులోనే వేట ఆపాల్సి వచ్చింది. మీ మేత బస్తా మీద దినుసులు ఓసారి చదవండి, మీ అమ్మాయి అంటార్కిటికా మీ షెడ్డులోనే కనిపించొచ్చు. విదేశీ చదువు ఆలోచన వస్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నార్వేలో ఫీజులుండవని ఇంకా చెప్పేవాళ్లున్నారు. 2023 నుంచి యూరప్ బయటి విద్యార్థులకు అక్కడ ఫీజులు పెట్టారు.

సంబంధాల సంగతి నేను తేల్చేది కాదండీ. పీహెచ్‌డీలో రెండు మూడేళ్లు నెలల తరబడి ఫీల్డ్‌లో ఉండాలని వచ్చేవాళ్లకు ముందే చెప్పండి. అది వినగానే వెనక్కి తగ్గేవాళ్లు తర్వాతైనా తగ్గేవాళ్లే.

ఈ లోపు తను ఈత నేర్చుకోవాలి, హిందీ ధారాళంగా రావాలి, స్టాటిస్టిక్స్ పేపరును గట్టెక్కితే చాలన్నట్టు చదవకూడదు. ఐకార్ పీజీ ప్రవేశ పరీక్ష కౌన్సెలింగ్‌లో కాలేజీ, విభాగం రెండూ కలిపి ఆప్షన్లు పెట్టాలి. స్నేహితులతో కలిసి తొందరలో ఆక్వాకల్చర్ ఒక్కటే నింపి వచ్చే పిల్లలు చాలామంది. ఆ రోజు మీరు పక్కన కూర్చోండి, నింపేది మాత్రం తనే నింపాలి.