చేను కాపలాకు తుపాకీ అడగవచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మూడెకరాల్లో టమాటా, వేరుశనగ వేస్తున్నాము. రాత్రుళ్లు అడవిపందులు, అప్పుడప్పుడు ఏనుగులు పడి పంటను తొక్కేస్తున్నాయి. అమెరికాలో తుపాకీ ఉంచుకోవడం పౌరుడి హక్కనీ, మన దేశంలోనే రైతు చేతులు కట్టేశారనీ అక్కడున్న మా అల్లుడు అంటున్నాడు. అది నిజమేనా? నాకు లైసెన్సు ఇస్తారా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మీ అల్లుడుగారి మాటలో మొదటి సగం నిజం. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చిన రెండవ సవరణ ఆయుధం ఉంచుకునే హక్కును చెబుతుంది. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని ఆ దేశ సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. తుపాకీతో బయట తిరగదలచినవారు తమకు ప్రత్యేకమైన అవసరం ఉందని నిరూపించుకోవాలన్న న్యూయార్క్ నిబంధనను అదే కోర్టు 2022లో కొట్టివేసింది. ‘నీకెందుకు?’ అని అడిగే అధికారం అక్కడి ప్రభుత్వానికి ఆ మేరకు తగ్గింది. మన దగ్గర దరఖాస్తు మొదలయ్యేదే ఆ ప్రశ్నతో.

దీన్ని మనవాళ్లు ఆలోచించకుండా పెట్టుకున్నారనుకోకండి. 1878 నాటి బ్రిటిష్ ఆయుధాల చట్టం భారతీయుణ్ణి లైసెన్సు అడిగి, తెల్లవాణ్ణి మినహాయించింది. ఆ అవమానం మనసులో ఉన్నందుకే కావచ్చు, 1931 కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును కూడా చేర్చారు. రాజ్యాంగం వచ్చేనాటికి అది ప్రాథమిక హక్కుల్లో లేదు. సరికదా, సమావేశమయ్యే హక్కును చెప్పే 19వ అధికరణం శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా అనే షరతు పెట్టింది.

ఇక మీ సంగతి. రైతు చేతులు కట్టేశారన్నది పూర్తిగా సరికాదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షనులో పంట రక్షణకు ప్రత్యేకంగా చోటుంది: గొట్టం మూతి నుంచి నల్లమందు పోసి, గుండ్లు వేసి, కడ్డీతో దట్టించే తుపాకీని నిజంగా పంట కాపాడుకోవడానికే అడిగితే, వేరే అనర్హతలు లేనప్పుడు లైసెన్సు ఇవ్వవలసిందేనని అది చెబుతుంది. నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిపై మీరు అప్పీలు చేసుకోవచ్చు.

అయితే లైసెన్సు తుపాకీకే గాని, వేటకు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారుల అనుమతి లేకుండా పందిని కాల్చినా నేరమే. ఏనుగు ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులోని జంతువు కనుక దాని జోలికి అసలే వెళ్లరాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషిని కాపాడుకోవడానికి చేసిన పనికి మినహాయింపు ఉంది, టమాటా తోటను కాపాడుకోవడానికి లేదు. పైగా ఒక్క గుండు పేల్చి, చీకట్లో మళ్లీ మందు దట్టించేలోగా మంద పక్క చేలోకి దాటిపోతుంది, గాయపడ్డ పంది మాత్రం మంచె కిందికే రావచ్చు. ఏనుగుల మాటకొస్తే, 2025లో కర్ణాటక నుంచి తెచ్చిన కుంకీ ఏనుగులకు (అడవి ఏనుగులను తరిమేందుకు శిక్షణ పొందినవి) మీ పలమనేరు దగ్గరే శిబిరం ఉంది. గుంపు కనిపించిన రాత్రే అటవీ శాఖకు చెప్పి, పంట నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టుకోండి.

నన్నడిగితే, ‘ఎందుకు?’ అన్న ప్రశ్న ఉండవలసిందే. మన పల్లెల్లో గట్టు తగాదా మాటామాటా పెరిగి, కర్ర దాకా వెళ్లి, తెల్లారి పెద్దమనుషుల ముందు ఆగుతుంది. గోడకు తుపాకీ వేలాడుతున్న ఇంట్లో అది తెల్లారేదాకా ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు. కాని ప్రశ్న అడిగిన కార్యాలయం జవాబు విన్నాక నెలల తరబడి దస్త్రాన్ని కట్టిపెట్టుకోవడం వేరే సంగతి. మీ అల్లుడుగారి కోపం దాని మీదైతే, ఆయన పక్షాన నేనూ నిలబడతాను.

ప్రశ్న: మా తాతగారు పోయి రెండేళ్లయింది. ఆయన లైసెన్సు తుపాకీ అటక మీద పెట్టెలోనే ఉంది. వాడే ఉద్దేశం లేదు. జ్ఞాపకంగా ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉంచుకోరాదమ్మా. లైసెన్సు ఆయన పేరున ఇచ్చినది, ఆయనతోనే పోయింది. వాడకపోయినా, లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ఆలస్యం చేయకుండా, దాన్ని కదిలించే ముందే దగ్గరి పోలీస్ స్టేషనుకు కబురు చేసి, వారు చెప్పినట్టు అప్పగించి రసీదు తీసుకోండి. పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. గడువులోగా వారసులు తమ పేరున లైసెన్సు తెచ్చుకొని దాన్ని వెనక్కి తీసుకోవచ్చు, లేదా అర్హులకు అమ్ముకోవచ్చు. అప్పగించే ముందు గొట్టంలో మందు ఉందో లేదో మీరు చూడబోకండి.