దేవుణ్ణి నమ్ముకుంటే నిజంగా మనశ్శాంతి వస్తుందా, లేక మనల్ని మనం మభ్యపెట్టుకోవడమేనా?

వస్తుంది. నాకు వచ్చింది. ఎక్కడ, ఎప్పుడు అంటే లాలాగూడలో మా రెండు గదుల ఇంట్లో, వంటింట్లో, రాత్రి రెండున్నరకు అని కూడా చెప్పగలను. అయితే చాలామంది అనుకున్నట్టు కష్టం తీరాక రాలేదు. కష్టం అలాగే ఉండగా వచ్చింది.

2018లో మేం ఒక చిట్టీ కట్టేవాళ్లం. 5 లక్షల చిట్టీ, 25 నెలలు. నడిపే ఆవిడ మా చర్చి సంఘంలో మనిషే, ఆదివారం ఆరాధనలో నాకు రెండు వరసల ముందు కూర్చునేది. మావారు రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు రాస్తాను. అమ్మాయి ఇంటర్ అయ్యేసరికి ఇంజనీరింగ్ ఫీజుకు పనికొస్తాయని పాట పాడకుండా చివరిదాకా ఉంచాం. 19వ నెల కట్టిన వారానికే ఆవిడ ఇంటికి తాళం పడింది. ఫోన్ స్విచాఫ్. కసరు, అంటే ప్రతి నెలా పాటలో మిగిలి అందరికీ పంచే డబ్బు, పోను మేం కట్టింది 3 లక్షల 40 వేలు.

డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు. ప్రభు బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షారసం తీసుకునే చోట, నా పక్కనే మోకరించిన మనిషి ఇలా చేసిందే అన్న మంట ఇంకో ఎత్తు. నిద్ర పోయింది. అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని, చింపిన క్యాలెండర్ కాగితం వెనక లెక్కలు వేసేదాన్ని. గాజులు తాకట్టు పెడితే ఎంత, మావారి పీఎఫ్‌లో లోన్ తీస్తే ఎంత, వడ్డీ ఎంత. ప్రతి రాత్రీ అవే అంకెలు, అదే మొత్తం. ఇంకోసారి కూడితే మారుతుందేమో అన్నట్టు మళ్లీ కూడేదాన్ని. బయట గూర్ఖా కర్ర చప్పుడు దగ్గరికొచ్చి, దూరమైపోయేది.

ఒక రాత్రి అమ్మ లేచి వచ్చింది. మాది మెదక్ వైపు, నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. లైటు వేయలేదు, పీట లాక్కుని కూర్చుంది.

"ఏంది బిడ్డా, పండుకోలేదా?"

అంతే, ఆపుకోలేకపోయాను. ఇన్ని శుక్రవారాలు ఉపవాసం ఉన్నా, ఒక్క జవాబు లేదమ్మా అన్నాను. ఆవిడ ఎక్కడుందో తెలియదు, డబ్బు వస్తుందో రాదో తెలియదు, మనమేం పాపం చేశామో తెలియదు. ఆయన ఒక్క మాటైనా చెప్పడా అన్నాను.

అమ్మ కాసేపు ఊరుకుంది. "నువ్వు జవాబు అడుగుతున్నవ్ బిడ్డా. ఆయన ఇస్తనన్నది సమాధానం" అంది.

మా సంఘాల్లో పెరగని వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పాలి. మామూలు తెలుగులో సమాధానం అంటే అడిగిన ప్రశ్నకు జవాబు. తెలుగు బైబిల్లో అదే మాట శాంతికి వాడతారు. యేసుప్రభువు సమాధిలోంచి లేచాక, భయంతో తలుపులు వేసుకుని కూర్చున్న శిష్యుల మధ్యకు వచ్చి అన్న మొదటి మాట "మీకు సమాధానము కలుగును గాక" అనే. వాళ్ల మనసుల్లో ఎన్ని ప్రశ్నలు ఉండి ఉంటాయి! ఇలా ఎందుకు జరిగిందో వివరించడంతో ఆయన మొదలుపెట్టలేదు. తన చేతులు చూపించాడు, గాయాలున్న చేతులు. నలభై ఏళ్లుగా వింటున్న మాటలో ఇంత ఉందని నాకు ఆ రాత్రి తెలిసింది.

తర్వాత అమ్మ ఫిలిప్పీ పత్రిక, అంటే ఫిలిప్పీ ఊరి విశ్వాసులకు అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం, నాలుగో అధ్యాయంలో మాట చెప్పింది. అద్దాలు లేకుండా చదవలేదు గానీ, వాక్యాలు నోటికి వస్తాయి. దేనినిగూర్చియు చింతపడకుడి అని మొదలవుతుంది. ఆ వాక్యం స్టిక్కర్ మా బీరువా మీదే ఉంది, నాకు కొత్తేం కాదు. కానీ చివర్లో దేవుని సమాధానం మీ హృదయాలకు "కావలియుండును" అని ఉంటుంది. సరిగ్గా ఆ మాట దగ్గర వీధి మలుపులో గూర్ఖా కర్ర కొట్టాడు. గూర్ఖా ఉన్నంత మాత్రాన ఊళ్లో దొంగలు లేకుండా పోరు. అతను మేలుకుని ఉన్నాడు కాబట్టి మనం పడుకుంటాం. ఆ పత్రిక రాసేటప్పుడు పౌలు సంకెళ్లలో ఉన్నాడు. రాసినంత మాత్రాన సంకెళ్లు ఊడిపోలేదు.

అప్పుడు అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. మా డబ్బు గురించి ఒక్క ముక్క చెప్పి, వెంటనే చిట్టీ నడిపిన ఆవిడ మీదికి వెళ్లింది. "ఆ పిల్ల యాడుందో తండ్రీ, దాని పిల్లలు తిన్నరో లేదో, చూసుకో" అంది. నాకు ఒళ్లు మండింది. ఆమేన్ అనలేదు. అమ్మ కళ్లు తెరవకుండా అలాగే కూర్చుంది. ఫ్రిజ్ మోటార్ ఆగింది, మళ్లీ మొదలైంది. ఎంతసేపు అలా ఉందో తెలియదు, చివరికి అన్నాను. కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టి వెళ్లి పడుకున్నాను. లేచేసరికి ఆరు దాటింది, పాల ప్యాకెట్లు గుమ్మం దగ్గర ఎండలో ఉన్నాయి. జరిగింది ఇంతే. దర్శనం లేదు, స్వరం లేదు.

మభ్యపెట్టుకోవడమా అని కదా మీ అనుమానం. మభ్యపెట్టుకున్న మనిషి లెక్క మర్చిపోవాలి. నాకు ఆ లెక్క రూపాయితో సహా గుర్తుంది. అయినా నిద్ర పడుతోంది. మర్నాడు రాత్రి మళ్లీ భయం రాలేదా అంటే వచ్చింది. మళ్లీ మోకరించి మళ్లీ అప్పగించాను. కొన్ని నెలలు రోజూ ఇదే పని. ఈ రోజుల్లో మనసు ఖాళీ చేసుకోమని నేర్పే యాప్‌లు డబ్బు కట్టి మరీ పెట్టుకుంటున్నారు. నా అనుభవంలో మనసు ఖాళీ చేస్తే అందులోకి మొదట వచ్చి కూర్చునేది చింతే. మనసుకు కావాల్సింది తన బరువు దించుకోవడానికి ఒకరు.

మా వాళ్లతో కూడా నాకు గొడవ ఉంది. డబ్బు పోయినప్పుడు ఇంటికొచ్చిన పదిమందిలో ఆరుగురు నీకు విశ్వాసం తక్కువ సిస్టర్ అని వెళ్లారు. డిసెంబర్ 31 రాత్రి చర్చిలో బైబిల్ వాక్యం రాసిన వాగ్దానం కార్డు తీసుకుని, ఈ ఏడు ఇల్లు కొంటామని తేల్చేసేవాళ్లున్నారు. నమ్మితే కారు వస్తుంది, వీసా వస్తుంది అని మైకులో చెప్పేవాళ్లను వింటే నాకు భయమేస్తుంది. వీసా రాని పిల్లవాడు రేపు దేవుడే లేడంటాడు. నిద్రమాత్ర వేసుకుంటే నమ్మకం లేనట్టే అనేవాళ్లు ఇంకో రకం. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవాళ్లు వెళ్లాలి. నేను ప్రార్థనా చేశాను, పోలీస్ కేసూ పెట్టాను. రిజిస్ట్రేషన్ లేకుండా చిట్టీ నడపకూడదని 1982 చట్టమే ఉందని నాకు స్టేషన్లోనే తెలిసింది. మీరు చిట్టీ కట్టే ముందే అడగండి, మొహమాటపడొద్దు.

అమ్మకు ఆ నిబ్బరం ఊరికే రాలేదు. వాళ్ల తాత మెదక్ గుడికి, అదే మెదక్ పెద్ద చర్చికి, రాళ్లు మోసినవాళ్లలో ఒకడు. కరువు రోజుల్లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీ పాస్నెట్ దొర పని చూపించి, గింజలు పెట్టి కట్టించిన గుడి అది, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేశారు. వాన ఎందుకు పడలేదో తాతకు ఎవరూ చెప్పలేదట. సాయంత్రానికి గింజలు వచ్చేవి, పిల్లలు తినేవారు, తాత దేవుడికి వందనాలు చెప్పి పడుకునేవాడట.

మాకు తిరిగొచ్చింది 40 వేలు. అమ్మాయి ఇంజనీరింగ్ మానుకుని బీకాం చదివింది. ఆ విషయం తలచుకుంటే ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది, దాచను.

అదే చిట్టీలో పోగొట్టుకున్న ఇంకొకామె మొన్న బుధవారం ప్రార్థన కూటం అయ్యాక మా ఇంటికి వచ్చింది. గంటన్నర మాట్లాడింది. చాయ్ రెండుసార్లు పెట్టాను. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది, నేను ఒక్క వాక్యం కూడా ఎత్తలేదు. వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, వచ్చే బుధవారం మళ్లీ రావచ్చా అక్కా అని అడిగింది.