నీలం క్లిప్పుల దొంగ

అమ్మాయీ,

పిల్లల బొమ్మల పుస్తకం కోసం నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. సిడ్నీ దగ్గర బ్లూ మౌంటెన్స్‌లో ఓ ఇల్లు, పెరట్లో బట్టలారేసే తీగ, రోజుకో నీలం క్లిప్పు మాయం, కేసు పట్టిన వాంబాట్ (బొరియల్లో ఉండే బొద్దు జంతువు) డిటెక్టివ్. ఎత్తుగడ బాగుంది. కానీ చివరికి దొంగ నక్క అన్నావు చూడు, అక్కడ నీరుగారిపోయాను. జిత్తులమారి అనగానే నక్క గుర్తుకు రావడం మన పంచతంత్రం అలవాటు. తీగ మీద ఎర్రవి కూడా ఉండగా నీలం క్లిప్పులే ఎందుకు పోయాయి? నక్కకి నీలంతో పనేంటి?

జవాబు ఆ కొండల అడవిలోనే ఉంది. సాటిన్ బవర్‌బర్డ్ అని ఒక పిట్ట. మగది నేల మీద రెండు వరుసలుగా పుల్లలు నిలబెట్టి పందిరిలాంటిది కడుతుంది. గూడు కాదది, పెళ్లిచూపుల పందిరి. గుడ్లు పెట్టే గూడు ఆడపిట్ట విడిగా చెట్టు మీద కట్టుకుంటుంది. ఆ పందిరి ముందు నీలం ఈకలు, పూలు, సీసా మూతలు, స్ట్రాలు, మన పెరళ్లలోంచి ఎత్తుకొచ్చిన క్లిప్పులు పరుస్తుంది. పక్కవాడి పందిరి దగ్గరివీ వదలదు. ఇంతకంటే ముద్దొచ్చే దొంగ నీకెక్కడ దొరుకుతాడు?

ఇంకో తమాషా. ఆ పిట్ట తిరిగేది పగలు. నీ వాంబాట్ పగలు ఎక్కువగా బొరియలో నిద్రపోతుంది. కేసు తేలకపోవడానికి అదే కారణం చెయ్యి. పిల్లలు డిటెక్టివ్ కంటే ముందే దొంగని చూసేస్తారు, వాడేమో గురక పెడుతుంటాడు! వాంబాట్ పెంటికలు పాచికల్లా నలుపలకలుగా ఉంటాయి, వాటిని రాళ్ల మీద, దుంగల మీద పెట్టి పోతుంది. తీగ పక్కన రాయి మీద వాటిని చూసి ‘ఆధారం దొరికింది!’ అని గంతేసి, అవి తనవేనని తర్వాత తెలుసుకోవాలి. ఏడేళ్ల పిల్లలకి ఇంతకు మించిన జోకు లేదు.

ఒంటి నిండా ముళ్లుండే ఎకిడ్నాని కూడా వదులుకోకు. దాని వెనక పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి, అడుగులు చూసి వాంబాట్ ఎదురు దిక్కున పోవచ్చు. లైర్‌బర్డ్ వేరే పిట్టల గొంతులు అనుకరించే పిట్ట, దాన్ని దొంగసాక్షి చెయ్యి. మనిషి నవ్వినట్టు కూసే కూకబర్రా పిట్ట నవ్వు వినబడి వాంబాట్ అటు పరిగెడితే, నవ్వింది లైర్‌బర్డ్ అని తేలాలి. కోలాని మాత్రం తీసెయ్. ముద్దుగా ఉందని పెట్టావు, కథలో దానికి పనేమీ లేదు.

నా మొదటి బొమ్మల పుస్తకంలో ‘మంచం కింద పిల్లి తోక కనబడుతోంది’ అని రాశాను, ఆర్టిస్టు అదే గీశాడు. చదివి వినిపిస్తుంటే ఓ పిల్ల ‘కనబడుతోందిగా, ఎందుకు చెప్తున్నావ్?’ అంది. పెద్దవాళ్లు చదువుతుంటే పిల్లల కళ్లు బొమ్మ మీదే ఉంటాయి. నీలం రెక్క అంచు ఒకటి రెండో పేజీలో ఆకుల మధ్య గీయించు, మాటల్లో దాని ఊసెత్తకు. ఉండేది ముప్పై రెండు పేజీలే కాబట్టి టెన్షన్ పెట్టే ప్రశ్న ప్రతిసారీ కుడిపేజీ అడుగున రావాలి, పేజీ తిప్పితేగానీ తెలియకూడదు.

నక్కని పట్టి కట్టేసిన ముగింపు కొట్టెయ్. ఆ పిట్టకి ఎరుపు గిట్టదు, పందిరి దగ్గర ఎర్రటిది పెడితే తీసి అవతల పారేస్తుంది. ఆఖరి పేజీలో తీగ నిండా ఎర్ర క్లిప్పులు, కొమ్మ మీద మొహం తిప్పుకున్న పిట్ట, బొరియలో నిద్రపోతున్న వాంబాట్. ఆ పేజీలో ఒక్క మాట కూడా రాయకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు